లొంగుబాటు చీటీ

పన్నెండేళ్ళలో పోలీసులు నన్ను సుమారు నాలుగు వేల సార్లు పట్టుకున్నారు. ఒక్కసారీ కోర్టుకు తీసుకెళ్ళలేదు. ఒంటిగంటకు భోజనానికి వదిలేసి, రెండింటికి మళ్ళీ పట్టుకునేవారు.

పోలీసు ట్రైనింగ్ స్కూల్లో నాది నటుడి ఉద్యోగం. కాగితాల మీద "శిక్షణ సహాయకుడు" అని రాసుకుంటారు కానీ, గేటు దగ్గర సెంట్రీ మొదలుకొని ప్రిన్సిపాల్ దాకా అందరూ నన్ను దొంగగారు అనే పిలుస్తారు. "దొంగగారికి కుర్చీ వెయ్యండి", "దొంగగారు ఇంకా రాలేదా" అనే మాటలు విని కొత్తగా చేరినవాళ్ళు నోరెళ్ళబెడతారు. నాకు మాత్రం ఆ గారు చాలు. ఒకప్పుడు నాటకాల్లో రాజు వేషాలు కూడా వేశాను. అప్పుడెవరూ నన్ను గారు అనలేదు.

పరేడ్ గ్రౌండ్ వెనకాల మాకొక వీధి ఉంది. దాన్ని ఉత్తుత్తి వీధి అంటాం. అందులో ఒక బ్యాంకు, ఒక మందుల షాపు, ఒక సామాన్ల కొట్టు, ఒక డాబా ఇల్లు, చివర ఒక బస్టాపు. అన్నిటికీ ముందు భాగమే ఉంటుంది. వెనక్కి వెళ్ళి చూస్తే కర్రలూ, ఇనప గొట్టాలూ, మేకులూ. కొత్తగా బదిలీ మీద వచ్చిన గుమాస్తా ఒకాయన ఆ బస్టాపులో ముప్పావుగంట నిలబడి, ఇక్కడ బస్సులు టైముకి రావని నాకే ఫిర్యాదు చేశాడు. ఏం చెప్పను? నేనూ గమనిస్తున్నానండీ అన్నాను.

నా పని ఆ వీధిలోనే. పొద్దున తాగుబోతుని. పదకొండింటికి కత్తి దూసినవాణ్ణి. మధ్యాహ్నం పెళ్ళాంతో పోట్లాడి సామాన్లు బయటికి విసిరే మొగుణ్ణి. శిక్షణలో ఉన్న కుర్రాళ్ళూ అమ్మాయిలూ ఒక్కొక్కరుగా వచ్చి నన్ను అదుపులోకి తెచ్చుకోవాలి. మాటతో పోయేదానికి చెయ్యి చేసుకుంటే తప్పు. చెయ్యి వెయ్యాల్సిన చోట మాట్లాడుతూ కూర్చున్నా తప్పే. ఆట ముగిశాక నేనొక చీటీ నింపాలి. దాన్ని లొంగుబాటు చీటీ అంటారు. అందులో మూడు గళ్ళు: మాటకు లొంగాడు, బలానికి లొంగాడు, లొంగలేదు. ఏదో ఒక గడిలో గీత గీసి సంతకం పెట్టాలి.

ఆ గీత విషయంలో నాకు కొంచెం పొగరు ఉంది, ఒప్పుకుంటాను. నా లోపల కోపం నిజంగా దిగితేనే దిగినట్టు రాస్తాను. ఒక పెద్దాఫీసరు తన కొడుకు చీటీ మార్చమని అడిగితే, పెన్ను ఆయన చేతికే ఇచ్చి, సంతకం కూడా మీరే పెట్టెయ్యండి అన్నాను. ఆయన పెట్టలేదు.

పరీక్షలకు ఇద్దరు పరీక్షకులు. ఒకాయన లాఠీ మాస్టారు. ముప్పై ఏళ్ళ సర్వీసు. ఎదుటివాడు బోర్లా పడుకున్నాక ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు అనేది ఆయన సిద్ధాంతం. రెండో ఆవిడ మాటల మేడమ్. మూడేళ్ళ కిందట వచ్చి, మండిపడేవాడిని మాటతో చల్లార్చడం ఎలాగో నేర్పుతోంది. ఇద్దరూ ఉప్పూ నిప్పూ. స్టాఫ్ రూములో ఉన్న ఒకే ఒక్క ఫ్యాను ఎంత వేగంగా తిరగాలన్న దగ్గర తేడా వచ్చి, మూడు నెలలుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే కాగితం ముక్క మీద రాసి, మధ్యలో ఉన్న నాకిచ్చేవారు. పరీక్షల్లో మాత్రం ఒకే బల్ల దగ్గర కూర్చోక తప్పదు. మార్కుల కాగితంలో మాట అనే వరస ఆవిడది, బలం అనే వరస ఆయనది.

ఇలాంటి చోటికి మా పిడుగు వచ్చి చేరింది.

పిడుగు మా అక్క కూతురు. అసలు పేరు రికార్డుల్లో ఉంది కానీ ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు. చిన్నప్పుడే ముక్కు మీద కోపం. మాట బయటికొచ్చేలోగా చెయ్యి వచ్చేసేది. బడిలో తన కన్నా రెండేళ్ళు పెద్దవాణ్ణి పలక పెట్టి కొట్టి, ఎందుకు కొట్టావంటే, చెబుదామనుకున్నా కానీ అప్పటికే కొట్టేశాను అంది. ఈ గొడవలన్నిటికీ అక్క చెప్పే కారణం ఒక్కటే, వాళ్ళ నాన్న పోలిక. ఆ నాన్న, అంటే మా బావ, పక్కనే కూర్చుని వింటూ ఉండేవాడు. పాపం ఆయన దోమ వాలినా చంపడు, చేత్తో తోలతాడు.

చివరి పరీక్షకు మూడు అవకాశాలు ఇస్తారు. మూడోసారీ తప్పితే పెట్టె సర్దుకుని ఇంటికి పోవడమే. మొదటిసారి నేను తాగుబోతుని. కొట్టు గుమ్మానికి అడ్డంగా నిలబడి, నా పాత్ర మాటలు రాసిచ్చే కార్డులోని మొదటి మాట పూర్తిచేసి రెండోది ఎత్తుకున్నాను. అంతే, నా ముక్కు నేలకు ఆనింది. చెయ్యి వీపు మీద ఉంది. పదకొండు సెకన్లట. లాఠీ మాస్టారు గడియారం రెండుసార్లు చూసుకుని, మనసులో ఎంత మెచ్చుకున్నా, తాగుబోతు ఇంకా ఏమీ చెయ్యలేదు కాబట్టి తప్పింది అని రాశాడు. నేను బలానికి లొంగాడు అన్న గడిలో గీత గీశాను.

తర్వాత మాటల మేడమ్ పిల్లను కూర్చోబెట్టి నెల్లాళ్ళు పాఠం చెప్పింది. రెండోసారి నేను దొంగని. పిడుగు చేతులు వెనక్కి కట్టుకుని, పుస్తకంలో ఉన్నది తు.చ. తప్పకుండా అప్పజెప్పడం మొదలుపెట్టింది. మీ బాధ నాకర్థమైందండీ, మీకు కావలసినంత సమయం తీసుకోండి అంది. నేను తీసుకున్నాను. గల్లాపెట్టె తీసుకున్నాను. బల్ల ఫ్యాను తీసుకున్నాను. కుర్చీ కూడా చంకన పెట్టుకుని బయల్దేరితే, రెండు చేతులూ నిండుగా ఉన్నాయని పిల్ల తలుపు తీసి పట్టుకుంది. ఈసారి మేడమ్ కళ్ళజోడు తీసి మొహం తుడుచుకుంది. లొంగలేదు అని నేను గీత గీశాను. దొంగతనం చేసుకుపోయినవాడు లొంగాడని ఎలా రాస్తాను?

సొంత మేనమామే రెండుసార్లు తప్పించాడు కాబట్టి, మూడోసారి కూడా నన్నే పెడితే పక్షపాతం ఉండదని స్కూల్లో నిర్ణయించారు. ఇంట్లో మాత్రం అక్క నాతో మాట్లాడడం మానేసింది.

మాట్లాడ్డం మానేసిన మనిషి పరీక్షకు ముందురోజు సాయంత్రం మా ఇంటికి వచ్చింది. అక్కది కుట్టు పని, మెడలో టేపు కూడా తియ్యకుండా వచ్చేసింది. పిల్లకు రెండు జతల యూనిఫాం తన చేత్తోనే కుట్టింది. పిల్ల భుజాలు వెడల్పు, బజార్లో దొరికేవి పట్టవు. ఈ ఉద్యోగం కోసం పిల్ల రెండేళ్ళు తెల్లవారుజామున లేచి పరిగెత్తిందనీ, ఇది పోతే ఇంకో పరీక్ష రాసే వయసు కూడా దాటిపోతుందనీ చెప్పుకొచ్చింది. ఇవన్నీ నాకు తెలియనివి కావు. చివరికి అసలు మాట అంది.

"ఆ యూనిఫాం దాని కొలతలకి కుట్టాను. ఇంకెవరికి పడుతుంది? నువ్వు రేపు ఒక్క గీత ఇటు గీసేది అటు గీస్తే ఏం కూలిపోతుందిరా?"

ఆ గీత పిల్లే గీయించుకోవాలి అక్కా అన్నాను. అక్క అరవలేదు. గుమ్మం దిగి, మా మెట్ల మీద ఆగి, కాళ్ళకున్న చెప్పులు విప్పి జతగా పక్కన పెట్టి, వాటి పక్కనే కూర్చుంది.

ఇది మా వంశం సంగతి. కాబట్టి కొంచెం చెప్పాలి. మా ఇంట్లో అరిచేవాళ్ళకు కోపం రానట్టే లెక్క. నిజంగా కోపం వస్తే మావాళ్ళు వీధి అనరు, ఆఫీసు అనరు, ఉన్నచోటే చెప్పులు విప్పి జాగ్రత్తగా జత కలిపి పెట్టి కూర్చుంటారు. ఇక ఇక్కణ్ణుంచి కదలనని దానర్థం. మా నాన్న ఒకసారి పని ఊడబెరికిన యజమాని వాకిట్లో అలా రెండు రోజులు కూర్చున్నాడు. బతిమాలితే కదలరు, భయపెడితే అసలే కదలరు. అక్క మా మెట్ల మీద కూర్చుంటే పక్కింటివాళ్ళు పలకరించారు, పైవాటా ఆవిడ మంచినీళ్ళు తెచ్చింది, నేను నాలుగు రకాలుగా చెప్పి చూశాను. ససేమిరా.

కాసేపటికి బావ వచ్చాడు. ఏమీ అడగలేదు. తన చెప్పులు కూడా విప్పి, అక్క చెప్పుల పక్కన పెట్టి, మెట్టు మీద చోటు చేసుకుని కూర్చున్నాడు. ఇద్దరూ వీధిలోకి చూస్తూ ఉండిపోయారు. పావుగంట తర్వాత అక్కే లేచి, ఆకలేస్తోంది పద అంది. ముప్పై ఏళ్ళుగా బావ చేసేది ఇదే. ఆయన్ని ఎవరూ మెచ్చుకోగా నేను వినలేదు.

మర్నాడు పొద్దున నేను స్టోరుకి వెళ్ళాను. ఆ రోజు ఆటకు థర్మోకోల్ పూలకుండీలు రెండు కావాలి. కార్డు ప్రకారం నేను ఇంటివాళ్ళతో గొడవపడి డాబా ఎక్కి, దారిన పోయేవాళ్ళ మీద కుండీలు విసిరే పెద్దమనిషిని. ఇరవై నిమిషాల్లో నన్ను కిందికి దింపాలి. అదీ మాటతోనే. ప్రాణం మీదికి వస్తే తప్ప చెయ్యి వేస్తే పరీక్ష తప్పినట్టే. స్టోర్ కీపరు కుండీలతో పాటు ఒక కాగితం కూడా ఇచ్చి సంతకం పెట్టమన్నాడు. ప్రిన్సిపాల్ ఆఫీసు నుంచి వచ్చిన నోటీసు అది. వచ్చే బ్యాచ్ నుంచి నటుడి బదులు గోడంత తెర వస్తుందట. దాని మీద మనిషి బొమ్మ కదులుతూ బెదిరిస్తుందట. అది అలిసిపోదు, సెలవులు అడగదు అని కూడా రాశారు. కింద స్టోరుకి తిరిగి అప్పగించాల్సిన సామాన్ల జాబితా ఉంది. రబ్బరు కత్తి ఒకటి, ఖాళీ సీసాలు నాలుగు, థర్మోకోల్ కుండీలు రెండు, నటుడు ఒకడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. పన్నెండేళ్ళుగా వీళ్ళ పిల్లలు నా చేతులు విరుస్తూ నేర్చుకున్నారు. నా మోకాలు ఈ రోజుకీ మెట్లెక్కేటప్పుడు చప్పుడు చేస్తుంది. అలాంటివాణ్ణి కుండీల తర్వాత రాశారు. సంతకం పెట్టకుండా కాగితం జేబులో కుక్కుకుని, కుండీలు చంకన పెట్టుకుని డాబా ఎక్కాను.

ఆ డాబా పదకొండడుగుల ఎత్తు. ముందువైపు నడుమెత్తు పిట్టగోడ. ఇటుకల్లా రంగు వేసిన ప్లైవుడ్. దాని మేకులు తుప్పు పట్టాయని నేనే రెండుసార్లు కాగితం రాసిచ్చాను. గోడ కింద పరుపులు పరవాల్సిన చోట నీడ బాగుందని పరీక్షకులిద్దరూ బల్ల వేసుకుని కూర్చున్నారు. గంట కొట్టారు. నా కార్డులో మొదటి డైలాగు, "నా ఇంట్లోంచి నన్నే బయటికి పంపేస్తారా?" అది పలకబోతే జేబులో కాగితం గుర్తొచ్చింది. ఒక కుండీ విసిరాను. గాలికి అది తిరిగొచ్చి పక్కనున్న బ్యాంకు మీద పడింది. రెండోది విసరబుద్ధి కాలేదు. చెప్పులు విప్పి, పిట్టగోడ మీద జతగా పెట్టి, వెనక్కి తిరిగి డాబా నేల మీద కూర్చున్నాను.

నేను చెప్పేది నమ్మండి, అది నటన కాదు. మేనకోడలి పరీక్ష అని ఒక మూల తెలుస్తూనే ఉంది. తెలిసినా కాళ్ళు లేవడం లేదు.

పిడుగు వీధిలోకి వచ్చి, చెప్పినంత దూరంలో నిలబడి, "అయ్యా, మీ పేరేంటో తెలుసుకోవచ్చా" అని పుస్తకం మొదలుపెట్టింది. నేను పలకలేదు. రెండోసారి అడగబోయి ఆగిపోయింది. గోడ మీద చెప్పులు కనిపించి ఉంటాయి.  తర్వాత వెనకనున్న నిచ్చెన కిర్రుమంది. పిల్ల పైకొస్తోందని అర్థమైంది. కింద లాఠీ మాస్టారు ఆశగా తలెత్తాడని తర్వాత విన్నాను.

పైకొచ్చి నా మొహం చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. లాఠీ తీసి వెనక్కి పెట్టేసి, కూర్చుని బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది. పరిగెత్తేటప్పుడు ఊడకుండా ఉండడానికి లాఠీ మాస్టారు నేర్పిన ముడి ఒకటుంది, అది వెయ్యడం కన్నా విప్పడం కష్టం. ఒక్కో బూటుకి మూడేసి నిమిషాలు పట్టింది. రెండిటినీ తీసుకెళ్ళి గోడ మీద నా చెప్పుల పక్కన జతగా పెట్టి, వచ్చి నా పక్కన కూర్చుంది. ఒక్క మాటా అనలేదు.

కింద బల్ల దగ్గరి వాళ్ళకు మేమిద్దరం కనిపించం. గోడ మీద రెండు చెప్పులూ రెండు బూట్లూ మాత్రం కనిపిస్తున్నాయి. నిమిషాలు గడుస్తున్నాయి. మేడమ్ వరస ఖాళీ, మాస్టారి వరస ఖాళీ. రాయడానికి ఏమీ దొరక్క, కాగితం ముక్క అందించడానికి నేను లేక, మూడు నెలల్లో మొదటిసారి మేడమ్ ఆయన వైపు తిరిగి, పైన ఏం జరుగుతోందండీ అని అడిగిందట. తెలీదండీ అని ఆయనా పలికాడట.

చివరికి నేనే జేబులోంచి కాగితం తీసి పిల్ల చేతికిచ్చాను. మొదటి నుంచి చివరి దాకా చదివింది. జాబితా రెండుసార్లు చదివింది.

"కుండీల తర్వాత రాశారు నిన్ను," అంది.

అవునన్నాను.

"ఇందాక ఒకటి విసిరేశావు. ఇప్పుడు కుండీ కూడా ఒకటే ఉంది మావయ్యా. సమానమయ్యారు."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. నవ్వితే కోపం చులకనైపోతుంది. అప్పుడే కింద ఎవరో ఇంకా ఐదు నిమిషాలని కేక వేశారు.  పిల్ల బతుకు ఈ ఐదు నిమిషాల్లో ఉంది. నేను చూస్తే పంతం పట్టి కూర్చున్నాను. కిందికెళ్ళి నాలుగు మాటలు చెప్పినట్టు చెయ్యవే, నేను దిగినట్టు దిగుతాను అన్నాను. పన్నెండేళ్ళలో ఆ మాట నా నోట రావడం అదే మొదలు.

పిడుగు తల అడ్డంగా ఊపింది.

"నాకోసం దిగొద్దు మావయ్యా. దిగావంటే చీటీలో అబద్ధం రాస్తావు. రాశాక నువ్వు నువ్వులా ఉండవు. నీకెప్పుడు దిగాలనిపిస్తే అప్పుడే దిగు. నాకూ ఈ బూట్లు మళ్ళీ కట్టుకోవాలంటే ఐదు నిమిషాలు పడుతుంది, తొందరేం లేదు."

ఏడుపొచ్చింది నాకు. ఉద్యోగం పోతుందని కాదు. తనది పోతున్నా కూర్చుంది చూడండి, అందుకు. కోపం ఎప్పుడు పోయిందో చెప్పలేను కానీ, పోయిందని మాత్రం అరికాళ్ళకు తెలిసింది. ప్లైవుడ్ నేల ఎండకు కాలుతోంది. అంతసేపూ ఆ వేడి నాకు తెలియనే లేదు. లేచి నిలబడ్డాను. గోడ మీంచి ఎడమ చెప్పు తీసి కాలికి వేసుకున్నాను. కుడిదాని కోసం చెయ్యి చాపుతూ, మోకాలు సహకరించక, పిట్టగోడకు ఆనుకున్నాను.

ఉత్తుత్తి గోడ అని పన్నెండేళ్ళుగా తెలిసినవాణ్ణి. దాని మేకుల మీద కాగితాలు రాసినవాణ్ణి. ఆ క్షణంలో అది నా ఇల్లు, నా డాబా, నా గోడ అనుకున్నాను.

గోడ వెళ్ళిపోయింది. దాంతోపాటు నేనూ బయల్దేరాను. కింద మాస్టారి బట్టతల స్పష్టంగా కనిపించింది. అంతలో మెడ దగ్గర పట్టు బిగిసింది, నడుం దగ్గర బెల్టు బిగిసింది, చొక్కా వీపున బర్రున చిరిగింది, నేను డాబా మధ్యలో వెల్లకిలా పడి ఉన్నాను. చొక్కా చిరిగినా కాలరు మాత్రం ఊడిరాలేదు, అది అక్క కుట్టు. మాట రాకముందే చెయ్యి వచ్చే ఆ పిల్ల పదకొండు సెకన్లు కూడా తీసుకోలేదు.

గోడ బల్లకు మూరెడు దూరంలో పడింది. బూటు ఒకటి మేడమ్ మంచినీళ్ళ గ్లాసుని పడగొట్టింది, రెండోది ఆవిడ ఒళ్ళో పడింది. నా కుడి చెప్పు నేరుగా వెళ్ళి మాస్టారి మార్కుల కాగితం మీద, బలం అనే ఖాళీ వరసలో వాలింది. ఇద్దరూ తలెత్తి చూసేసరికి గోడ లేని డాబా మీద బూట్లు లేని పోలీసు పిల్ల ఒకటి, చొక్కా చిరిగిన ముసలి నటుణ్ణి కాలరు పట్టుకుని కనిపించింది. అప్పుడే చివరి గంట కొట్టారు.

కిందికి దిగాం. నేను అనుకున్నది ఒకటి, జరిగింది ఒకటి. మాస్టారు మురిసిపోతాడనీ, మేడమ్ తప్పిస్తుందనీ అనుకున్నాను. మాస్టారు ఏమో, నేను నేర్పిన పట్లు పదకొండు, వాటిలో కాలరు పట్టు లేదు, రోడ్డు మీదికి పరిగెత్తే పసివాణ్ణి అమ్మ లాగినట్టు లాగింది, అది బలం కింద రాదు అన్నాడు. మేడమ్ ఏమో, ముమ్మాటికీ బలమే, ఎంత కావాలో అంతే వాడింది, ఎప్పుడు కావాలో అప్పుడే వాడింది, మూడేళ్ళుగా నేను చెప్పేది ఇదేగా అంది. మరి గోడ ఎలా పడింది, పెనుగులాట జరిగిందా, నటుడు దిగడానికి అంతకుముందే ఒప్పుకున్నాడా అన్నది కింద ఉన్న ఇద్దరికీ తెలియదు. చెయ్యి ముందు పడిందా, కోపం ముందు దిగిందా అన్నదాని మీదే ఫలితం ఉంది. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చీటీ నా ముందుకు జరిపారు.

పిడుగు బూట్లు లేకుండా అటెన్షన్‌లో నిలబడి ఉంది. నా వైపు చూడలేదు. అక్క మెట్ల మీద అన్న మాట గుర్తొచ్చింది. మూడు గళ్ళు చూశాను. ఏ ఒక్క గడిలోనూ జరిగింది పట్టడం లేదు. మాటకు అని గీస్తే మేనమామ గీత అంటారు. బలానికి అని గీస్తే అబద్ధం. కిందికి చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు ఉంది, కుడి కాలికి లేదు. గీత మానేసి, మూడు గళ్ళ మీదుగా రాశాను.

"ఎడమ చెప్పు వేసుకునేటప్పటికే లొంగాను. తర్వాత లాగింది నన్ను లొంగదీయడానికి కాదు, పడకుండా ఆపడానికి."

మాస్టారు చదివి, నన్ను ఎగాదిగా చూశాడు. కాగితం మీదున్న చెప్పు తీసి, నా కాలికున్న చెప్పుతో సరిచూశాడు. ముప్పై ఏళ్ళ సర్వీసు కదా, సాక్ష్యం లేనిదే ఏదీ నమ్మడు. మీ కోపం పోయిందని చెప్పుని బట్టి ఎలా తెలుస్తుందండీ అని అడిగాడు. మా వంశం సంగతి మొత్తం చెప్పాల్సి వచ్చింది. మేడమ్ ఒళ్ళో బూటుతోనే నోటుబుక్కు తీసి రాసుకుంది. అంతా విన్నాక మాస్టారు వంగి, ఆ కుడి చెప్పు నా కాలి ముందు పెట్టి, వేసుకోండి దొంగగారూ అన్నాడు. మార్కుల కాగితంలో రెండు వరసల మధ్యనున్న గీతను కొట్టేసి, అడ్డంగా "ఉత్తీర్ణురాలు" అని రాసి, ఇద్దరూ ఒకే పెన్నుతో సంతకాలు పెట్టారు.

తెర సంగతి ఇంకా తేలలేదు. తెరకి చెప్పులుండవు కాబట్టి నటుణ్ణి ఉంచాలని ఆ ఇద్దరూ కలిసి ప్రిన్సిపాల్‌కి కాగితం పెట్టారని విన్నాను. ఫ్యాను విషయంలో మాత్రం రాజీ కుదరలేదు.

సాయంత్రం చిరిగిన చొక్కాతో అక్క కుట్టు షాపుకి వెళ్ళాను. కబురు ఇంకా అందినట్టు లేదు. షాపు మెట్ల మీద అక్క పొద్దుటి నుంచీ కూర్చునే ఉందట. చెప్పులు జతగా పక్కన ఉన్నాయి. వాటి పక్కన బావ చెప్పులు, అక్క పక్కన బావ. ప్యాసైందక్కా అన్నాను. అబద్ధం రాయలేదు, ఉన్నదే రాశాను అని కూడా చెప్పాను. అక్క కాసేపు ఏడ్చి, తర్వాత నన్ను తిట్టి, తర్వాత నా వీపు చూసింది.

"కొత్త చొక్కా. ఎవరు చింపారు?"

మీ అమ్మాయే అన్నాను. చెయ్యి ఊరుకోదు దానికి, అన్నిటికీ వాళ్ళ నాన్న పోలిక అని అలవాటుగా మొదలుపెట్టింది. పక్కన కూర్చున్న మనిషి కనబడ్డాడో ఏమో, మధ్యలో ఆగిపోయింది.

"అవునక్కా," అన్నాను. "అచ్చం వాళ్ళ నాన్న పోలికే."

డాబా మీద పిల్ల ఏం చేసిందో అప్పుడు చెప్పాను. అక్క బావ వైపు తిరిగి, ముప్పై ఏళ్ళలో మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. బావ తల వంచుకునే లేచి, ముందు అక్క చెప్పులు తిప్పి ఆమె కాళ్ళ దగ్గర పెట్టి, తర్వాత తనవి వేసుకున్నాడు.